కొమ్ము తొండా, ఆకుముక్కు తొండా? శ్రీలంకలో ఒక్క రోజుంటే ఎటు వెళ్లాలి

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మన సామెత. శ్రీలంకలో మాత్రం తొండకు కొమ్ము మొలిచింది. మన కంచెల మీద తలాడించే తొండకు ఇవి చుట్టాలే. కానీ ముక్కు చివర కొమ్మో, ఆకో పెట్టుకుని తిరిగే ఈ సెరాటోఫోరా జాతులు ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా లేవు. సింహళంలో తొండను కటుస్సా అంటారు, వీటిని అంగ్ కటుస్సా. క్యాండీలో దిగి, చేతిలో ఒక్క రోజే ఉంటే నువర ఎలియ వైపు వెళ్లాలా, నకిల్స్ కొండలకు వెళ్లాలా?

నువర ఎలియ వైపు ఉండేది కొమ్ము తొండ, స్టొడార్టీ. దీనికోసమని చాలామంది హోర్టన్ ప్లెయిన్స్ నేషనల్ పార్కు ఎక్కుతారు. ఎత్తు 2,100 మీటర్ల పైనే, పొద్దున్నే వణికించే చలి. గేటు దగ్గర బ్యాగు తెరిపించి, వాటర్ బాటిల్ మీది ప్లాస్టిక్ లేబుల్ కూడా పీకేస్తారు. మంచు కమ్మేలోపు వరల్డ్స్ ఎండ్ లోయ చూడాలని అందరిదీ పరుగే. పరుగులో తొండ ఏం కనిపిస్తుంది? నేనూ అలాగే వట్టి చేతులతో దిగొచ్చాను.

మర్నాడు హక్‌గల బొటానికల్ గార్డెన్‌లో, అడవి అంచున, నాచు పట్టిన మాను మీద తెల్లటి ముల్లు ఒకటి కనిపించింది. ముల్లు నెమ్మదిగా పక్కకు తిరిగింది. దాని వెనకాల ఒక కన్ను, ఆ తర్వాత మొత్తం తొండ! మగదాని కొమ్మే పొడుగు, ఆడదానిది చిన్నది. పిల్లలతో వెళ్లేవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు హక్‌గలే నయం. అదృష్టం బాగుంటే ఆ చుట్టుపక్కలే కోఫోటిస్ అనే ఇంకో తొండ కూడా దొరుకుతుంది. కొమ్మను తోకతో చుట్టి పట్టుకుంటుంది, గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కంటుంది.

ఇక నకిల్స్. బిగించిన పిడికిలి కణుపుల్లా ఉంటాయి కాబట్టి కొండలకు ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పెట్టారు, స్థానికులకు అది దుంబర. ఇక్కడిది ఆకుముక్కు తొండ, టెన్నెంటీ. ముక్కు మీద చింతాకు నిలబెట్టి అంటించినట్టుంటుంది. 1861లో శాస్త్రానికెక్కింది. సిలోన్‌లో బ్రిటిష్ ప్రభుత్వ కార్యదర్శిగా చేసిన జేమ్స్ ఎమర్సన్ టెన్నెంట్ పేరు దీనికి పెట్టారు. స్టొడార్టీ మధ్య కొండల్లో పలుచోట్ల దొరుకుతుంది. టెన్నెంటీకి ఈ ఒక్క కొండల వరసే ఇల్లు. అడవి నీడలో వేసిన ఏలకుల తోటల్లో కూడా బతుకుతుంది. మనిషిని చూసి పరుగెత్తదు, తన రంగును నమ్ముకుని కదలకుండా ఉండిపోతుంది. అందుకే పక్కనుంచి పోయినా కనబడదు. స్థానిక గైడ్ లేకుండా వెళ్లడం దండగ. జలగల సంగతి చెప్పక్కర్లేదు, పొడుగు సాక్సులు వేసుకోండి.

సింహరాజ అడవిలో ఆస్పెరా అని చిటికెన వేలంత జాతి ఇంకోటి ఉంది. రాలిన ఆకుల్లో ఆకులా కలిసిపోతుంది. ఒక్క రోజులో దాన్ని వెతకడం టెన్షన్ తప్ప ఇంకేం కాదు, వదిలేయండి.

నన్నడిగితే, కుటుంబంతో అయితే హక్‌గల. తొండ కోసమే అయితే కళ్లు మూసుకుని నకిల్స్.

ఒక్క మాట. పెంపుడు జంతువులుగా అమ్ముకోవడానికి వీటిని దొంగతనంగా పట్టుకుపోయేవాళ్లు ఉన్నారు. అందుకే 2019లో, అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందంలో టెన్నెంటీని వ్యాపారం పూర్తిగా నిషేధించే మొదటి జాబితాలో, స్టొడార్టీని రెండో జాబితాలో చేర్చారు. కాబట్టి ఫొటో ఎంత బాగా వచ్చినా పెట్టేముందు లొకేషన్ తీసేయండి. ఏ చెట్టు, ఏ మలుపు అని కామెంట్లలో అడిగితే నకిల్స్ అని మాత్రం చెప్పండి, చాలు.