లైనక్స్ ఆఫీసుకు ఏది మేలు: కొత్త లేజరా, ఇంకు ట్యాంకా, పాత జిరాక్స్ మిషనా?

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక లాయరు గారి ఆఫీసు. ఏడు కంప్యూటర్లు, అన్నింట్లోనూ విండోస్ బదులు ఉబుంటు, అంటే లైనక్స్‌లో ఒక రకం. ఎక్కించింది నేనే కాబట్టి ప్రింటు రాకపోతే తిట్లు పడేది కూడా నాకే. పాత ప్రింటర్ మూలపడ్డాక లాయరు గారు ఒక్కటే మాట అన్నారు: "ప్రింటు, స్కాను, జిరాక్సు అన్నీ ఒకే మిషన్లో రావాలి. ఏ సీట్లో కూర్చున్నా రావాలి."

షాపుల్లో మూడు రకాలు కనిపించాయి: కొత్త ఏ4 లేజర్, ఇంకు ట్యాంకు, బాగుచేసి అమ్మే పెద్ద జిరాక్స్ మిషన్. "లైనక్స్‌కి పనిచేస్తుందా?" అని అడిగితే ప్రతి కౌంటర్ దగ్గరా ఒకటే జవాబు: "డ్రైవర్ నెట్‌లో దొరుకుద్ది సార్." డ్రైవర్ అంటే ప్రింటర్‌తో మాట్లాడటానికి కంప్యూటర్లో ఎక్కించే సాఫ్ట్‌వేర్. రెండు షాపులు తిరిగాక అర్థమైంది, నేను అడిగే తీరే తప్పని. అడగాల్సింది రెండే. ఎయిర్‌ప్రింట్ ఉందా? నెట్‌వర్క్ కేబుల్ పెట్టే పోర్టు ఉందా?

ఎయిర్‌ప్రింట్‌ను యాపిల్ 2010లో ఐఫోన్ల కోసం తెచ్చింది. ఫోన్లో డ్రైవర్ ఎక్కించే పని లేకుండా, నేనిక్కడున్నాను, ఈ సైజు కాగితం తీసుకుంటాను, రెండు వైపులా కొడతాను అని ప్రింటరే నెట్‌వర్క్‌లో చెప్పుకుంటుంది. దాని వెనక నడిచేది ఐపీపీ, నెట్‌వర్క్‌లో ప్రింటర్‌తో మాట్లాడే భాష. లైనక్స్‌లో ప్రింటింగ్ చూసే కప్స్‌కి కూడా అదే భాష. అందుకే ఐఫోన్ నుంచి ప్రింటు వచ్చే మిషన్ చాలావరకు ఉబుంటులోనూ డ్రైవర్ లేకుండానే కనిపిస్తుంది. స్కానింగ్‌కి ఇలాంటిదే ఈఎస్‌సీఎల్ అని ఉంది. సేన్-ఎయిర్‌స్కాన్ అనే ప్యాకేజీ దాన్ని అర్థం చేసుకుంటుంది. ఐఫోన్ కొనని మనకు ఐఫోన్ వల్ల కలిగిన లాభం ఇది.

దీనికి పూర్తిగా ఎదురు రకం కూడా మన ఊళ్లో ప్రతి ఆఫీసులోనూ ఉంది: కానన్ ఎల్‌బీపీ 2900. పేజీని తయారుచేసే పనంతా కంప్యూటర్‌దే, ప్రింటర్ ఊరికే అచ్చేస్తుంది. కాబట్టి సరైన డ్రైవర్ లేకపోతే అది ఇనప డబ్బాయే. అదే కంపెనీ ఎంఎఫ్ 3010లో స్కానర్ ఉంది కానీ యూఎస్‌బీ తప్ప నెట్‌వర్క్ లేదు. ఒక కంప్యూటర్‌కి తగిలించి కప్స్ ద్వారా మిగతావాళ్లకు పంచవచ్చు. ఆ సీటు గుమస్తా సెలవు పెట్టిన రోజు ఆఫీసంతా సెలవే.

ఇక ఇంకు ట్యాంకు. పేజీ ఖర్చు తక్కువ, రంగులు వస్తాయి. ఎప్సన్ వాళ్ల లైనక్స్ డ్రైవర్ కూడా ఉంది. కానీ కోర్టుకు వెళ్లే కాగితం మీద నీటి చుక్క పడితే చాలా ఇంకులు అలుక్కుపోతాయి. కోర్టు వేసవి సెలవుల్లో కదలకుండా ఉంటే ఇంకు చిమ్మే హెడ్ ఎండిపోతుంది. ఇంటికైతే సరే.

నన్ను నిజంగా ఊరించింది పెద్ద జిరాక్స్ మిషనే. స్టాంపు పేపర్లు ఏ4 కన్నా పొడుగు. చిన్న లేజర్లలో స్కాన్ చేసే అద్దం మామూలుగా ఏ4 వరకే ఉంటుంది. పొడుగు కాగితం పైన ఫీడర్లో, అంటే కాగితాన్ని తనే లోపలికి లాక్కునే ట్రేలో, పెట్టవచ్చు, కానీ నలభై ఏళ్ల నాటి దస్తావేజు మడతల దగ్గర చిరిగి ఉంటే దాన్ని ఫీడర్లో పెట్టే ధైర్యం నాకైతే లేదు. పెద్ద మిషన్‌కి ఏ3 అద్దం, హాయిగా పరిచేయవచ్చు.

లైనక్స్ వైపు నుంచి చూస్తే అక్కడ రెండు మెలికలు. మొదటిది పోస్ట్‌స్క్రిప్ట్, పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కి వివరించే భాష. అది ఉంటే మిషన్ వివరాలు రాసి ఉండే ఒక పీపీడీ ఫైలుతో ప్రింటు వచ్చేస్తుంది. కానీ చాలా పెద్ద మిషన్లలో అది విడిగా కొనుక్కోవాల్సిన భాగం. కాన్ఫిగరేషన్ పేజీ ప్రింటు తీయించి కళ్లారా చూసుకోవాలి, నోటిమాట చాలదు. రెండోది ఇంకా చిక్కు. పాత మిషన్లు స్కాన్‌ని ఫోల్డర్లో వేయడానికి ఎస్‌ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి వాడతాయి. లైనక్స్‌లో ఫోల్డర్లు పంచే సాంబా, 2019లో వచ్చిన 4.11 వెర్షన్ నుంచి దాన్ని మామూలుగా మూసేసే ఉంచుతోంది. మిషన్ తెర మీద కనెక్షన్ ఎర్రర్ అని మాత్రమే వస్తుంది, కారణం చెప్పదు. తెరిచేయవచ్చు కదా అంటారేమో. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై వైరస్ చొరబడింది ఆ దారినే, మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కొన్నింటికి కూడా అప్పుడు తగిలింది. లాయరు ఆఫీసు ఫైళ్లతో ఆ ఆట వద్దు. ఫైళ్లు పంపే ఇంకో పద్ధతి ఎఫ్‌టీపీ ఉంటే దాన్ని ఆఫీసు లోపలికే పరిమితం చేసి వాడుకోవడం నయం.

చివరికి ఏ4 లేజరే కొన్నాం: ఎయిర్‌ప్రింట్, కేబుల్ పోర్టు, రెండు వైపులా ప్రింటు, పైన ఫీడర్. కంపెనీ పేరు నాకు ముఖ్యం కాలేదు. హెచ్‌పీ వాళ్ల లైనక్స్ డ్రైవర్ హెచ్‌పీలిప్ మంచిదే, కానీ కొన్ని మోడళ్లకు ప్లగిన్ విడిగా కావాలి, హెచ్‌పీలిప్ మారినప్పుడల్లా ప్లగిన్ కూడా మార్చాలి. బ్రదర్ వాళ్లు ఉబుంటులో ఎక్కించుకునే డెబ్ ప్యాకేజీలు ఇస్తారు, అయితే వాటిలో చాలావరకు రాస్‌ప్‌బెర్రీ పై లాంటి వేరే రకం ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్ల మీద నడవవు. డ్రైవర్ లేకుండా నడిచే దానికి ఈ రెండు గొడవలూ లేవు.

డబ్బు కట్టే ముందు నా లాప్‌టాప్‌నీ మిషన్‌నీ షాపు వాళ్ల రౌటర్‌కే కలిపించి, ప్రింటు ఒకటి, ఫీడర్ నుంచి స్కాన్ ఒకటి తీసి చూశాను. కుర్రాడు కాస్త విసుక్కున్నాడు, పర్లేదు. ఆఫీసుకు తెచ్చాక మూడు సీట్లలో మాత్రం కనిపించలేదు. టెన్షన్ పడ్డాను కానీ తప్పు మిషన్‌ది కాదు: ఆ మూడూ రెండో రౌటర్ వెనక ఉన్నాయి, ప్రింటర్ చెప్పుకునే మాట ఆ రౌటర్ దాటి పోదు. దాన్ని ఉత్త యాక్సెస్ పాయింట్‌గా మార్చాక అన్నీ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి.

పాత దస్తావేజులు మాత్రం ఇప్పటికీ కింద జిరాక్స్ షాపుకే వెళ్తున్నాయి.