ఎంటర్ కొట్టేదాకా అది ఎత్తు కాదు: నాలుగేళ్ళుగా గ్నూ చెస్‌తో

గ్నూ చెస్ అంటే మనతో చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం, నాలుగేళ్ళుగా మా ఇంట్లో దాదాపు రోజూ నడుస్తోంది. బొమ్మలు ఉండవు, మౌస్‌తో పని లేదు. టెర్మినల్ అనే, ఆదేశాలు టైపు చేసే నల్లటి కిటికీలో అక్షరాలతో గీసిన బోర్డు, దాని కింద ఒక వరస. ఆ వరసలో మన ఎత్తు రాసి ఎంటర్ కొడితే, అది ఆలోచించి తన ఎత్తు రాస్తుంది. ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ఏ లైనక్స్‌లో దొరుకుతుంది అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఎంటర్ మీట గురించి.

మా నాన్నకి పార్కిన్సన్స్. కుడిచెయ్యి వణుకుతుంది. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, చదరంగం అంటే ప్రాణం. 2002లో ప్రపంచకప్ మన హైదరాబాద్‌లో జరిగి ఆనంద్ గెలిచినప్పుడు, పేపర్లో వేసిన ఎత్తుల్ని కత్తిరించి పెట్టుకుని, సుల్తాన్ బజార్లో కొన్న చెక్క బోర్డు మీద ఒక్కొక్కటే ఆడి చూసుకునేవారు. జబ్బు వచ్చాక ఆడే తోడు తగ్గింది. విద్యానగర్‌లో మా వీధిలో ఆయనతో ఆడే పెద్దాయన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఫోన్‌లో ఒక చెస్ యాప్ వేసి ఇచ్చాను. అక్కడే అసలు బాధ మొదలైంది. గుర్రం మీద వేలు పెట్టి లాగుతుంటే మధ్యలో చెయ్యి అదిరేది, గుర్రం పక్క గడిలో పడేది. అయ్యో అనేలోపు అవతలి ఎత్తు వచ్చేసేది. రెండు వారాలయ్యాక ఫోన్ నా చేతిలో పెట్టి, "ఆట రాక ఓడిపోవడం వేరమ్మా, చెయ్యి జారి ఓడిపోవడం వేరు" అన్నారు. మళ్ళీ ఆ యాప్ తెరవలేదు.

గ్నూ చెస్ తగిలింది అనుకోకుండానే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాత లాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉండేది. దాని టచ్‌ప్యాడ్ పనిచెయ్యదు. కీబోర్డుతోనే ఆడే చెస్ ఏమైనా ఉందా అని వెతికితే దొరికింది. బోర్డు మీద ప్రతి గడికీ ఒక పేరుంటుంది: నిలువు వరసకి ఇంగ్లీషు అక్షరం, అడ్డ వరసకి అంకె. మొదటి రోజు ఈ2లోని బంటుని ఈ4కి పంపేందుకు నాన్న చూపుడు వేలితో ఈ, 2, ఈ, 4 అని నాలుగు మీటలు నొక్కడానికి నిమిషం పైనే పట్టింది. మధ్యలో 2 మూడుసార్లు పడింది. వెనక్కి చెరిపారు, మళ్ళీ నొక్కారు. తప్పు రాసినా ఏమీ కాలేదు. బంటు కదల్లేదు, టైం పోలేదు, అవతలివాడు తొందరపెట్టలేదు. అంతా సరిగ్గా ఉందని రెండుసార్లు చదువుకుని, అప్పుడు ఎంటర్ కొట్టారు. బంటు ఈ4కి వచ్చింది. ఆయన ముఖంలో ఆ క్షణం వచ్చిన నిబ్బరాన్ని నేను చాలా రోజుల తర్వాత చూశాను.

నాకు ఈ ప్రోగ్రాం మీద ఉన్న ప్రేమంతా అక్కడ పుట్టిందే. ఎంటర్ కొట్టేదాకా ఎత్తు ఎత్తు కాదు. రాయడం ఒక పని, ఆడటం ఇంకో పని. లాగి వదిలే ఆటలో ఆ రెండూ ఒకటే అయిపోతాయి. చేతులు బాగున్నవాళ్ళకి ఆ తేడా తెలియకపోవచ్చు.

కానీ అక్షరాలతో ఆడటం చాలా తేలిక అని మొదటి నెలలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం దిద్దుకోవాలి. పుస్తకాల్లో రాసే పద్ధతిలో పావు పేరుకి పెద్ద అక్షరం వాడతారు. ఇంగ్లీషులో కింగ్, నైట్ రెండూ 'కె'తోనే మొదలవుతాయి; 'కె' రాజుకి పోయింది కాబట్టి గుర్రానికి 'ఎన్', శకటుకి (బిషప్) 'బి'. పెద్ద అక్షరం కావాలంటే షిఫ్ట్ నొక్కిపట్టి ఇంకో మీట నొక్కాలి. వణికే చేతికి అదే కష్టం. పైగా చిన్న 'బి' రాస్తే శకటు కాదు, బీ వరసలో ఉన్న బంటు అని అర్థం. ఒకసారి సీ3లో ఉన్న గుర్రాన్ని శకటుతో కొట్టాలనుకుని షిఫ్ట్ సరిగ్గా పడక, బంటుతో కొట్టేశారు. రెండూ చెల్లే ఎత్తులే కాబట్టి ప్రోగ్రాం ఏమీ అనలేదు, అనడానికి కారణం కూడా లేదు.

దానికి మందు ఆ ప్రోగ్రాంలోనే ఉంది. ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది గడుల పేర్లతో రాస్తే చాలు, పావు పేరు అక్కర్లేదు. జీ1ఎఫ్3 అంటే గుర్రం బయటికి వస్తుంది. అన్నీ చిన్న అక్షరాలే, షిఫ్ట్‌తో పని లేదు. నాన్నకి ఇది ఇంకో రకంగానూ నచ్చింది. ఆయన చిన్నప్పుడు చాదర్‌ఘాట్‌లో ఉర్దూ మాట్లాడే స్నేహితుల దగ్గర ఆట నేర్చుకున్నారు, శకటుని ఇప్పటికీ ఒంటె అంటారు. అమ్మ శకటు అంటుంది. గడి పేరు రాస్తే ఆ పేచీ లేదు. లాప్‌టాప్ సెట్టింగుల్లో బౌన్స్ కీస్ అని ఒకటుంది, ఒకే మీట వెంటవెంటనే పడితే రెండోదాన్ని పట్టించుకోదు. అది పెట్టాక మూడేసి 2లు పడటం కూడా దాదాపు తగ్గింది. ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ముందు ఆ సెట్టింగ్ చూడండి.

ఇప్పుడు అండూ సంగతి. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల మా నాన్న ఒక రాత్రంతా సరిగ్గా నిద్రపోలేదు.

ఆ రోజు సాయంత్రం మాత్ర వేసుకున్న గంటకి చెయ్యి కాస్త తేరుకుంది, ఆటకి కూర్చున్నాం. మీటలు నేను నొక్కుతున్నాను, ఎత్తులు ఆయనవి. మాది తెలుపు. రెండు వైపులా గుర్రాలు, శకట్లు బయటికొచ్చాయి. ఆరో ఎత్తు. "ఒంటె జీ5కి" అన్నారు. సీ1జీ5 కొట్టాను. అది హెచ్6 అని బంటు ముందుకి తోసింది. నాన్న ఒక్క క్షణం చూసి, "వద్దమ్మా, వెనక్కి తీసుకో, ముందు కోట కట్టుకుందాం" అన్నారు. కోట అంటే రాజుని రెండు గడులు పక్కకి జరిపి, ఏనుగుని అతని అవతలికి తెచ్చే ఎత్తు; దాన్ని ఓ-ఓ అని రాస్తారు. నేను అండూ అని రాసి ఎంటర్ కొట్టాను. బోర్డు మళ్ళీ ముద్ర పడింది. దాన్ని చూడను కూడా చూడకుండా కోటకి ఓ-ఓ కొట్టాను. ప్రోగ్రాం కాసేపు ఆలోచించింది. బోర్డు మళ్ళీ వచ్చింది. మా తెల్ల గుర్రం డీ5లో ఉంది.

నాన్న తెర వైపు వంగారు. "గుర్రాన్ని నేను ఆడమన్నానా?" అన్నారు. లేదన్నాను. మా రాజు ఈ1లోనే ఉన్నాడు, కోట కట్టలేదు. ఒంటె జీ5లోనే ఉంది. అవతల నల్లరాజు కోటలో కూర్చున్నాడు. నాకూ అర్థం కాలేదు. ఆయన మెల్లగా, "నేనే ఏదో చెప్పుంటానమ్మా. ఈ మధ్య ఏం చెప్తున్నానో నాకే గుర్తుండట్లేదు" అన్నారు. ఆ మాటకి నా గుండె జారిపోయింది. ఈ జబ్బులో చెయ్యి తర్వాత జ్ఞాపకం పోతుందేమోనన్న భయం ఆయనకి ఎప్పుడూ లోపల ఉంటుంది. లాప్‌టాప్ మూసేశాం. రాత్రి రెండింటికి లేచి చూస్తే హాల్లో లైటు వేసి ఉంది, చెక్క బోర్డు మీద అదే ఆట పేర్చుకుని కూర్చున్నారు.

అదృష్టవశాత్తు నేను మూత మాత్రమే వేశాను, ప్రోగ్రాం నుంచి బయటికి రాలేదు. పొద్దున్నే తెరిచి షో గేమ్ కొట్టాను. ఎత్తుల పట్టిక వచ్చింది. ఆరో ఎత్తు: తెలుపు శకటు జీ5కి, నలుపు కోట. ఏడో ఎత్తు: తెలుపు గుర్రం డీ5కి. కింద, మనం రాసే వరస ముందు 'బ్లాక్ (7)' అని ఉంది. అప్పుడు తెలిసింది. అండూ అంటే ఒక్క ఎత్తే వెనక్కి, అంటే అది ఆడిన హెచ్6 మాత్రమే పోయింది. మా ఒంటె ఎత్తు అలాగే ఉంది. ఆడాల్సిన వంతు నలుపుది. నేను రాసిన కోట నలుపు ఖాతాలో పడింది, ఎందుకంటే నల్లరాజు కూడా కోట కట్టుకోగలిగిన స్థితిలోనే ఉన్నాడు. ఆ తర్వాత ప్రోగ్రాం తన పని తాను చేసింది: మిగిలిన వైపు, అంటే మా తెలుపు వైపు ఆడింది. మాకు తెలియకుండానే పక్షాలు మారిపోయాయి.

మాకు కావాల్సింది రిమూవ్. అది రెండు ఎత్తులూ, మనదీ దానిదీ కలిపి వెనక్కి తీస్తుంది. హెల్ప్ కొడితే వచ్చే పట్టికలో ఈ రెండూ ఉన్నాయి, నేనే చదవలేదు. నాన్నని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, అదే ఆట మొదటి నుంచి ఆడి, అండూ కొట్టి, 'వైట్' అని ఉండాల్సిన చోట 'బ్లాక్ (6)' అని మారడం వేలు పెట్టి చూపించాను. రెండుసార్లు చేయించుకున్నారు. "అంటే నేను చెప్పింది కోటే" అన్నారు. అవును నాన్నా, కోటే అన్నాను. "సరే, కాఫీ పెట్టమను మీ అమ్మని" అన్నారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు అలవాట్లు. ఒకటి, ఏ ఎత్తు రాసే ముందైనా నాన్న ఆ వరసలో ఉన్న రంగు పైకి చదువుతారు. "వైట్, పదకొండు" అని, ఆ తర్వాతే మీట మీద వేలు. రెండు, కోట కూడా రాజు కదిలే గడుల పేర్లతో ఈ1జీ1 అనే రాస్తాం. అలా రాస్తే నలుపు వంతప్పుడు అది చెల్లదు, ప్రోగ్రాం ఒప్పుకోదు. ఓ-ఓ మాత్రం ఎవరి వంతైతే వాళ్ళది అయిపోతుంది.

అండూ అలా ఉండటం తప్పా అంటే, చదరంగం బాగా తెలిసినవాళ్ళు తప్పు కాదనే అంటారు. ఒక్కో ఎత్తు వెనక్కి వెళ్ళి ఆటని పరిశీలించడానికి అదే కావాలి. కానీ పక్షం మారినప్పుడు, మారిందని ఒక్క ముక్క రాస్తే ఎంత బాగుండేది. 1984లో స్టూవర్ట్ క్రాక్రాఫ్ట్ మొదలుపెట్టిన ప్రోగ్రాం ఇది, ఇన్నేళ్ళలో ఎన్నో చేతులు మారింది. ఇప్పటి ఆరో వెర్షన్ లోపలి ఇంజిన్, అంటే ఎత్తులు ఆలోచించే భాగం, ఫాబియన్ లెటూజే రాసిన ఫ్రూట్ అనే చెస్ ప్రోగ్రాం నుంచి వచ్చింది. ఇంజిన్ అంత ఎదిగాక, మనిషితో మాట్లాడే ఆ ఒక్క వరస కూడా కాస్త ఎదగాలని నా కోరిక.

బోర్డు గురించి ఒక మాట. తెల్ల పావులు పెద్ద అక్షరాలు, నల్లవి చిన్న అక్షరాలు, ఖాళీ గడులు చుక్కలు. మా దాంట్లో అంచుల్లో గడుల పేర్లు లేవు, కళ్ళతో లెక్కపెట్టుకోవాలి. పావుల గుర్తులు చూపించే గ్రాఫిక్ అనే ఆప్షన్ ఉందని అది పెట్టి చూశాం. నల్లటి తెర మీద నిండుగా ఉండే నల్ల పావులు తెల్లగా మెరుస్తాయి, తెల్లవి గీతలుగా కనబడతాయి. నాన్న మొదటి ఎత్తులోనే తికమకపడ్డారు, తీసేశాం. చివరికి కుదిరిన పద్ధతి ఇదీ: పక్కన చెక్క బోర్డు పెట్టుకుంటారు, తెర మీద వచ్చిన ఎత్తుని అమ్మ బోర్డు మీద ఆడుతుంది, నాన్న బోర్డు చూసి ఆలోచించి మీటలు నొక్కుతారు. ఆట రాని మా అమ్మకి ఇప్పుడు గడుల పేర్లన్నీ కంఠతా వచ్చు.

మిగిలినవి క్లుప్తంగా. డెప్త్ 1 అని, అంటే బాగా తక్కువ లోతుగా ఆలోచించేలా పెట్టినా అది ఊరికే వదిలిన పావుని వదలదు, గెలవడం మాకు అరుదే. హింట్ ఉంది, నాన్న వాడనివ్వరు. మాన్యువల్ అని కొడితే ప్రోగ్రాం ఆడదు, ఎత్తులు చెల్లుతాయో లేదో మాత్రం చూస్తుంది. ఆదివారాలు నేనూ ఆయనా అలా ఆడుకుంటాం. క్విట్ కొడితే ఆట దాచనా అని అడగదు, కాబట్టి ముందే పీజీఎన్‌సేవ్ అని ఫైలు పేరు రాసుకోవాలి. మంచి ఆట ఒకటి అలా పోగొట్టుకున్నాం.

మీరు వేసుకోవచ్చా అంటే, మీ ఇంటి పరిస్థితిని బట్టి. మా నాన్నకి గడుల పేర్లు ముందే వచ్చు, పక్కన అమ్మ ఉంది, సాయంత్రాలు నేనుంటాను. ఈ మూడూ లేకపోతే మొదటి వారం దాటడం కష్టమేమో. చేతులు బాగున్న కుర్రాళ్ళకి ఫోన్‌లో ఇంతకంటే అందమైనవి బోలెడున్నాయి, దీంతో కుస్తీ పట్టమని చెప్పలేను. జబ్బు ముదిరితే నాన్న ఈ నాలుగు మీటలైనా ఎన్నాళ్ళు నొక్కగలరో తెలియదు. ప్రస్తుతానికి నొక్కుతున్నారు. నిన్నటి ఆట 23వ ఎత్తు దగ్గర ఆగింది, ఆయనకి ఒక బంటు ఎక్కువుంది. రంగు చదివారు, ఎత్తు రాశారు, ఎంటర్ కొట్టకుండా భోజనానికి లేచారు.