కుకీ పాప్అప్: ఒప్పుకోవాలా, వద్దనాలా, కనపడకుండా చేసేయాలా?

సైటు తెరవగానే కుకీలకి (మనల్ని గుర్తుపెట్టుకోడానికి సైట్లు మన బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) అనుమతి అడుగుతూ ఒక డబ్బా వస్తుంది కదా, "అందులో ఆ యాక్సెప్ట్ నొక్కేస్తే ఏమవుతుంది?" అని తెలిసినవాళ్లంతా అడుగుతున్నారు. ఏం కాదు, పేజీ తెరుచుకుంటుంది. కాకపోతే లోపల జాబితాలో ఉన్న యాడ్ కంపెనీలన్నిటికీ మనల్ని గమనించుకోమని సరే అన్నట్టే, ఒక్కోసారి అవి వందల్లో ఉంటాయి.

రిజెక్ట్ బటన్ ఎదురుగా ఉంటే హాయి, నొక్కేసి పోవచ్చు. 2022 జనవరిలో ఫ్రాన్స్ ప్రైవసీ రెగ్యులేటర్ గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్లు ఫైన్ వేసింది కూడా ఈ గొడవ మీదే, ఒప్పుకోడానికి ఒక క్లిక్కు పెట్టి వద్దనడానికి నాలుగు చోట్ల తిప్పుతున్నారని. అయినా చాలా సైట్లు ఇంకా మారలేదు. మొన్న ఒక వార్తల సైట్లో మేనేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే స్విచ్‌లన్నీ ఆఫ్‌లోనే ఉన్నాయి, హమ్మయ్య అనుకున్నా, పక్కన "లెజిటిమేట్ ఇంటరెస్ట్" (మన అనుమతి లేకుండానే డేటా వాడుకోడానికి కంపెనీలు చెప్పే కారణం) అని ఇంకో ట్యాబ్, అందులో అన్నీ ఆన్! ఓపిగ్గా ఒక్కోటీ ఆపుకుంటూ వచ్చి చివర్లో అలవాటు కొద్దీ నీలం బటన్ నొక్కేశా, అది యాక్సెప్ట్ ఆల్. సేవ్ అన్నది పక్కన బూడిద రంగులో వెలిసిపోయి ఉంది. ఇంకో తమాషా ఏంటంటే మనం వద్దన్న సంగతి గుర్తుపెట్టుకోడానికీ కుకీయే కావాలి, కుకీలు తుడిచేస్తే మళ్లీ మొదటికే. ఇన్‌కాగ్నిటోలోనూ అంతే, మూసేయగానే కుకీలు పోతాయి.

నా లెక్కలో అసలు చూడాల్సింది ఏది నొక్కాలని కాదు, ఏదీ నొక్కకపోతే ఏమవుతుందని. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే ప్రైవసీ చట్టం ప్రకారం ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదు, ముందే టిక్ పెట్టేసిన బాక్స్ చెల్లదని 2019లో అక్కడి కోర్టు కూడా చెప్పింది. అంటే డబ్బాని దాచేస్తే వద్దన్నట్టే. మిగతా చోట్ల ఆ భరోసా లేదు, మనం నొక్కకముందే ట్రాకర్లు (మనం ఏం చూస్తున్నామో గమనించే కోడ్) లోడ్ అయిపోయే సైట్లు బోలెడు, అందుకే వాళ్ల బటన్లని నమ్ముకోకుండా బ్రౌజర్‌లోనే ఆపుకోవడం మేలంటాను. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు కుకీలు ఆ సైటుకే విడిగా పెడుతోంది, సఫారీ 2020 నుంచే థర్డ్ పార్టీ కుకీల్ని, అంటే మనం తెరిచిన సైటువి కాని బయటివాళ్ల కుకీల్ని, ఆపేస్తోంది.

నేను వాడేది ఫైర్‌ఫాక్స్, అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్. ట్రాకర్లని అదే ఆపుతుంది, డబ్బాలు పోవాలంటే మాత్రం దాని సెట్టింగ్స్‌లో ఫిల్టర్ లిస్ట్స్‌కి వెళ్లి కుకీ నోటీసెస్ టిక్ చేసుకోవాలి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఎప్పుడైనా డబ్బా పోయి పేజీ స్క్రోల్ అవకుండా బిగుసుకుపోతుంది, ఆ ఒక్క సైటుకి యూబ్లాక్‌ని ఆపేసి రీలోడ్ చేస్తే సరి.

మన బదులు వద్దని నొక్కిపెట్టే కన్సెంట్-ఓ-మాటిక్ లాంటి ఎక్స్‌టెన్షన్లూ ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి, నాకైతే అవసరం పడలేదు.