బొగ్గింజనును దిమ్మె ఎక్కించడం మేలా, నిప్పేసి నడపడం మేలా?

మా గుంతకల్లులో పాత ఇంజన్ల మాట వస్తే చాలు, మామ ఒకవైపు, మేమంతా ఒకవైపు. ఆయన మీటర్‌గేజ్ రోజుల్లో వైజీ రకం బొగ్గింజన్ల మీద బొగ్గేసే ఫైర్‌మన్. నడవని ఇంజను ఇంజనే కాదంటాడు.

వినడానికి బాగానే ఉంటుంది గానీ, నడపాలంటే ముందు నీళ్ల టెన్షన్. మన బోరునీళ్లలో పెట్టిన హీటర్ కాయిల్‌కు తెల్లగా పెచ్చు కడుతుంది కదా, బాయిలర్‌లోనూ అదే జరుగుతుంది, కాకపోతే అక్కడ పదులకొద్దీ గొట్టాలు. పెచ్చు మందమైతే నీళ్లకు వేడి అందదు, నిప్పు మండే ఫైర్‌బాక్స్ రేకు మాడిపోతుంది. అందుకే నిప్పు దించి, ఇంజనును చల్లారనిచ్చి, ప్లగ్గులు విప్పి, లోపల పైపుతో నీళ్లు కొట్టి కడిగేవాళ్లు. వాష్‌ఔట్ అంటే అదే. మళ్లీ నిప్పేస్తే ఆవిరి పుట్టడానికి గంటలు పడుతుంది, తొందరపడితే రేకులు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ సాగి కారడం మొదలవుతుంది. ఇక బాయిలర్ మొత్తం విప్పి చూసే పని వేరే. అమెరికాలో 1472 పనిదినాలకో 15 ఏళ్లకో, ఏది ముందైతే అప్పుడు విప్పాల్సిందే.

నడపకుండా ఊరికే చూడ్డానికి దిమ్మె మీద పెడితే ఈ గోల లేదు, నిజమే. అయినా అది కూడా ఊరికే నిలబడదు. పొగగొట్టంలోంచి వాన దిగుతుంది, లోపల మిగిలిన మసిలోని గంధకంతో కలిసి ఇనుమును తినేస్తుంది. మన అనంతపురంలో వానలు తక్కువ కాబట్టి తుప్పు నిదానంగా పడుతుంది, అంతే తేడా. పైగా ఏటా కడ్డీల మీద, కీళ్ల మీద రంగు పూస్తూ పోతే తర్వాత ఏ కీలూ కదలదు.

నాకు నచ్చింది మూడోది: రౌండ్‌హౌస్. నడుమ ఇంజనును తిప్పే టర్న్‌టేబుల్, చుట్టూ విసనకర్రలా పట్టాలు, అన్నిటి మీదా కప్పు. పొడుగు షెడ్డులో ముందున్న ఇంజను వాష్‌ఔట్‌లో ఉంటే వెనకది ఇరుక్కుపోతుంది, ఇక్కడ ఏది కావాలంటే అది బయటికి వస్తుంది (టర్న్‌టేబుల్ మొరాయిస్తే మాత్రం అన్నీ లోపలే!). జపాన్‌లో క్యోటోలో 1914 నాటి ఉమెకోజి రౌండ్‌హౌస్ ఉంది, 20 పట్టాలు. అక్కడ కొన్నిటికే నిప్పేస్తారు, మిగతావి నీడలో ఉంటాయి. మన దేశంలోనూ హర్యానాలో 1893 నాటి రేవాడీ షెడ్డులో నడిచే బొగ్గింజన్లు ఉన్నాయి, కాబట్టి చేతకాని పనేం కాదు.

నన్నడిగితే ఒక్కదాన్ని నడపండి, మిగతావాటికి కప్పు వేయండి. కప్పుకే డబ్బుల్లేకపోతే నడిపే ఊసే వద్దు.

ఇదే మామతో అని, ఆ ఒక్కదానికైనా మంచి నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తావని అడిగాను. “హెచ్చెల్సీ కాలువ నీళ్లు ఉండాయి కదప్పా” అన్నాడు.