బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్ళకి జాగ్రత్త: రంగు లెన్సుల సెట్‌తో ఇచ్చే ఆ చిన్న సీసా

పెళ్ళిళ్ళ రోజులొచ్చాయంటే బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా వాట్సాప్‌లోనూ, మేకప్ సామాన్ల కొట్లలోనూ కంట్లో పెట్టుకునే రంగు కాంటాక్ట్ లెన్సుల సెట్లు తిరుగుతాయి. ఒక జత లెన్సులు, ఒక డబ్బీ, పైన ఫ్రీగా ఒక చిన్న సీసా. కొట్టు పేరు రాయడం లేదు, ఎక్కడ కొన్నా సరుకు ఇంచుమించు అదే. ఇలాంటి సెట్టు ఇంట్లో ఉన్నవాళ్ళు ముందుగా ఆ సీసా చేతిలోకి తీసుకోండి.

వెనక చిన్నక్షరాలు చదవండి. సోడియం క్లోరైడ్ 0.9 శాతం అని తప్ప ఇంకేమీ లేకపోతే అది సెలైన్, అంటే ఉప్పునీళ్ళు. లెన్స్ తొలవడానికి, అంటే కడగడానికి, సరిపోతుంది గానీ క్రిముల్ని చంపదు. రాత్రంతా అందులో ఉంచినా లెన్స్ మెత్తగా, మెరుస్తూ, శుభ్రంగానే కనబడుతుంది. అందుకే కొన్నవాళ్ళకి మొదట్లో అనుమానం రాదు, కన్ను ఎర్రబడేదాకా. నానబెట్టడానికి కావలసింది మల్టీపర్పస్ సొల్యూషన్, అంటే లెన్స్‌ని కడగడానికీ క్రిముల్ని చంపడానికీ కూడా పనికొచ్చే ద్రవం. దాని మీద డిసిన్ఫెక్ట్ అన్న మాట, పాలీక్వాటర్నియం లేదా పాలీహెక్సనైడ్ లాంటి మందు పేరు, కనీసం ఎన్ని గంటలు నానాలో అచ్చువేసి ఉంటాయి. మామూలుగా 4 లేదా 6 గంటలు. గంటల లెక్క లేని సీసాని నమ్మకండి. మూత కింద సీలు రింగు తెగి ఉంటే పెద్ద సీసాలోంచి ఒంపి నింపింది కావచ్చు, వెనక్కి ఇచ్చేయండి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అని ఉంటే దాని సంగతే వేరు: దానితో వచ్చే సొంత డబ్బీలో 6 గంటలు ఉంచితేనే దాని ఘాటు విరుగుతుంది. మామూలు డబ్బీలో పోసి, పొద్దున్నే అదే లెన్స్ పెట్టుకుంటే కన్ను భగ్గుమంటుంది.

ఇక లెన్స్. గాజు వయల్ (లెన్స్ ఉండే చిన్న బుడ్డి) గానీ ప్లాస్టిక్ పొర గానీ విప్పకముందే పవర్, బేస్ కర్వ్ (లెన్స్ లోపలి వంపు), డయా (లెన్స్ అడ్డకొలత), బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ చూడాలి. బయటి దేశం సరుకైతే దిగుమతిదారు పేరు, ఇంపోర్ట్ లైసెన్స్ నంబరు ఉండాలి. మన దేశంలో కాంటాక్ట్ లెన్స్ మెడికల్ డివైస్ కిందికే వస్తుంది, గాజుల్లా బొట్టుబిళ్ళల్లా అమ్ముకునే సరుకు కాదు. ట్రయల్ అనో, అమ్మకానికి కాదనో రాసి ఉన్నదాన్ని డబ్బు పెట్టి కొనకండి.

"మీ కళ్ళద్దాల చీటీ ఫొటో పంపండి చాలు" అంటారు చూడండి, అక్కడ రెండో దెబ్బ. అద్దం కంటికి దాదాపు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్స్ కంటినే అంటిపెట్టుకుని ఉంటుంది. పవర్ 4 దాటితే ఆ తేడా లెక్కలోకి వస్తుంది: అద్దం మైనస్ 6.00 అయితే లెన్స్ మైనస్ 5.50, మైనస్ 8.00 అయితే మైనస్ 7.25. ప్లస్ పవర్‌కి ఇది తిరగబడుతుంది, ప్లస్ 6.00 అద్దానికి ప్లస్ 6.50 లెన్స్. చీటీలో సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు రాసే పవర్) 0.75 గానీ అంతకు మించి గానీ ఉంటే దాన్ని సరిచేసే టోరిక్ లెన్స్ అడగాలి. మామూలు రంగు లెన్స్ ఆ లోపాన్ని సరిచేయదు. బేస్ కర్వ్ అయితే ఆ చీటీలో ఉండనే ఉండదు. నల్లగుడ్డు వంపు కొలిచి, లెన్స్ పెట్టి, రెప్ప కొట్టినప్పుడు ఎంత కదులుతుందో చూశాకే తేల్చాలి. బిగుతు లెన్స్ పొద్దున్న హాయిగానే ఉంటుంది, సాయంత్రానికి తెల్లగుడ్డు మీద ఉంగరంలా గీత పడుతుంది, కళ్ళు ఎర్రబడతాయి. వదులుదైతే రెప్పరెప్పకీ చూపు చెదురుతుంది.

ఒకే జతని ఈ పెళ్ళికూతురికి తీసి ఆ పెళ్ళికూతురికి పెట్టే పార్లర్లు ఉంటే అడుగు పెట్టకండి. కడిగామన్నా సరే. బరంపురంలో జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి వేషం కట్టేవాళ్ళు లెన్స్ పెట్టుకున్నాకే రంగు పూసుకోండి, రాత్రి లెన్స్ తీశాకే ముఖం కడుక్కోండి.

వాడకంలో కుళాయి నీళ్ళు, నూతి నీళ్ళు, మినరల్ వాటర్, ఉమ్మి ఏదీ లెన్స్‌కి తగలకూడదు. నీళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉంటుంది, అది నల్లగుడ్డులో దిగితే నెలల తరబడి మందులు వేయాలి. గోపాలపురం సముద్రంలో దిగేముందు తీసేయడం కూడా ఇందుకే. తీశాక అరచేతిలో సొల్యూషన్ వేసి వేలితో రెండు వైపులా రుద్ది, తొలిచి, కొత్త సొల్యూషన్‌లో నానబెట్టాలి. నిన్నటిది పారబోయకుండా పైన నాలుగు చుక్కలు కలిపితే మందు పలచబడి పనిచేయదు. డబ్బీ ఒంపేసి, తుడిచి, మూతలు తీసి బోర్లించండి. మూడు నెలలకి మార్చండి. నెల లెన్స్ అంటే విప్పిన రోజు నుంచి 30 రోజులు, పెట్టుకున్నవి నాలుగు రోజులే అయినా.

కన్ను ఎర్రబడి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక ఉంటే లెన్స్ తీసేసి అదే రోజు కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మందుల షాపు అబ్బాయి ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు ఎరుపు తగ్గిస్తాయి, నల్లగుడ్డు మీద పుండు ఉంటే దాన్ని లోపల పెంచుతాయి. లెన్స్, డబ్బీ, ఆ సీసా మూడూ పారేయకుండా కవర్లో వేసి పట్టుకెళ్ళండి, ఏ క్రిమో పట్టుకోవడానికి వాటిని కూడా కల్చర్‌కి, అంటే క్రిముల్ని పెంచి చూసే పరీక్షకి, పంపుతారు. పంపే ముందు సీసా లేబుల్, వయల్ లేబుల్, బిల్లు ఫొటోలు తీసి పెట్టుకోండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసేటప్పుడు పనికొస్తాయి.