కర్క్యుమిన్‌కి లైపోజోమా, ఎస్‌ఎల్‌ఎన్నా, ఎన్‌ఎల్‌సీనా?

పసుపులోని కర్క్యుమిన్‌ని మందుగా కొవ్వు నానోరేణువుల్లో పెట్టి ఇవ్వడానికి మూడు దారులు: లైపోజోమ్ (కొవ్వు పొర చుట్టిన నీటి బుడగ), ఎస్‌ఎల్‌ఎన్ (ఘన కొవ్వు రేణువు), ఎన్‌ఎల్‌సీ (ఘన కొవ్వులో కొంచెం ద్రవ కొవ్వు కలిపిన రేణువు). ప్రాజెక్టు టైటిళ్ళు ఇచ్చే రోజులొస్తే ఎం.ఫార్మ్ పిల్లలు అడిగేది ఇదే: "సార్, మూడింట్లో ఏది చేయమంటారు?" ఎక్కువమంది రేణువు సైజు, ఎంట్రాప్‌మెంట్ (లోపల ఎంత మందు చిక్కింది) చూసి తేల్చేస్తారు. మొదటిరోజు ఆ రెండూ మూడింటికీ బాగానే వస్తాయి. నేను చూసేది ఒకటే: లోపల పెట్టిన మందు లోపలే ఉంటుందా?

అది మందు స్వభావాన్ని బట్టి ఉంటుంది. బిళ్ళగన్నేరు నుంచి వచ్చే క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్ బలహీన క్షారం. లైపోజోమ్ లోపలి నీళ్ళు ఆమ్లంగా ఉంచి, బయట పీహెచ్ పెంచితే మందు తనంతట తనే పొర దాటి లోపలికి వెళ్తుంది. అక్కడ ఛార్జి తగిలించుకున్నాక ఇక సులువుగా బయటికి రాలేదు. 2012లో అమెరికాలో అనుమతి పొందిన విన్‌క్రిస్టిన్ లైపోజోమ్ మార్కిబో ఇలా తయారైందే (2022లో ఆ అనుమతి రద్దయింది, అది వేరే సంగతి). చైనాలోని కాంప్టోథెకా చెట్టులో దొరికే పదార్థం నుంచి మలిచిన ఇరినోటెకాన్‌ని ఆనివైడ్ అనే లైపోజోమ్ మందులో సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ ఉప్పుగా పట్టి ఉంచారు. 2015లో దానికి ప్యాంక్రియాస్ క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. ఇలాంటి మందులకి కళ్ళు మూసుకుని లైపోజోమే చేయండి.

కర్క్యుమిన్‌కి ఆ కిటుకు పనిచేయదు. నీటిలో కరగదు కాబట్టి పొరలోని కొవ్వులోనే ఇరుక్కుంటుంది. రక్తంలోకి వెళ్ళగానే అల్బుమిన్, లైపోప్రొటీన్లు దాన్ని లాగేసుకుంటాయి.

ఎస్‌ఎల్‌ఎన్ చేయడం తేలిక. గ్లిసరిల్ మోనోస్టియరేట్ అనే ఘన కొవ్వు కరిగించి, ట్వీన్ 80 (కొవ్వునీ నీటినీ కలిపే పదార్థం) కలిపిన వేడి నీళ్ళు పోసి సోనికేటర్ (శబ్ద తరంగాలతో చిన్న రేణువులుగా చేసే యంత్రం) పెడితే చాలు, పసుపు కలిపిన పాలలా వస్తుంది. అదే వయల్‌ని కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచి చూడండి, అడుగున పసుపు పొడి కనిపించవచ్చు. గబగబా గడ్డకట్టిన కొవ్వు మెల్లగా బీటా అనే పద్ధతైన స్ఫటిక రూపంలోకి సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడంలో మందుకి చోటుండదు, బయటికి నెట్టేస్తుంది.

అందుకే నా ఓటు ఎన్‌ఎల్‌సీకి. ఘన కొవ్వులో కొంచెం ఒలీయిక్ ఆమ్లమో మిగ్లియాల్ నూనో కలిపితే స్ఫటికం పద్ధతిగా కట్టదు. ఆ అస్తవ్యస్తంలోనే కర్క్యుమిన్ నిలుస్తుంది. రక్తంలో ఇదీ కొంత మందుని పోగొట్టుకుంటుంది. ఆసుపత్రి అనుభవమంటారా, అందులో ఎన్‌ఎల్‌సీ లైపోజోమ్ దరిదాపుల్లోకి కూడా రాదు. అయినా లైపోజోమ్ పొరకి ఖరీదైన ఫాస్ఫోలిపిడ్ కొని, అది ఆక్సిడైజ్ అవుతుందేమోనని టెన్షన్ పడేకంటే ఇదే నయం.

ఇక మిగతా రకాలు: ఫైటోజోమ్ (మందుని ఫాస్ఫోలిపిడ్‌తో జతకట్టించినది) నోటిద్వారా ఇవ్వడానికి, ఎథోజోమ్ (ఆల్కహాల్ ఎక్కువున్న లైపోజోమ్) చర్మానికి. నానోఎమల్షన్‌ని (నీటిలో అతిచిన్న నూనె బొట్లు) పోల్చి చూడటానికి పక్కన పెట్టుకోండి, అంతే.

ఏది ఎంచుకున్నా రిలీజ్ స్టడీ (మందు ఎంత వేగంగా బయటికొస్తుందో చూసే పరీక్ష) వట్టి బఫర్‌లో, అంటే పీహెచ్ మారని ఉప్పు ద్రావణంలో, చేసి ఊరుకోవద్దు. పీహెచ్ 7.4 దగ్గర కర్క్యుమిన్ తొందరగా విరిగిపోతుంది. బయటికొచ్చిన మందు అక్కడే పాడైపోతే మీ గ్రాఫ్‌లో రిలీజ్ తక్కువగా కనిపిస్తుంది, "సస్టెయిన్డ్ రిలీజ్" (మెల్లగా విడుదల) అని రాసేస్తారు. సీరం కలిపి ఇంకోసారి చేయండి, వయల్‌లో మిగిలిందెంతో కూడా కొలవండి.