పెరట్లోకి ఏ కోడి మేలు: వనరాజానా, గ్రామప్రియా, అసీలా?

గోరంట్లలో మా ఇంటికి వచ్చిన వాళ్లు పెరట్లో కోళ్లను చూడగానే అడిగే మాట ఒకటే: "మేమూ ఓ నాలుగు పెంచుదామనుకుంటున్నాం, ఏ రకం తెచ్చుకోమంటారు?" మూడేళ్లుగా ఈ మూడు రకాలూ పెంచాను. ఈ సంక్రాంతి పండగ వెళ్లాక కొత్తగా కొన్నవి మాత్రం మూడు అసీల్ (నాటు పందెం జాతి) పెట్టలు. ఎందుకో చెప్తాను.

గుడ్లే లెక్కయితే ఆలోచించే పని లేదు. గ్రామప్రియ పెరట్లో తిరిగి తింటూనే ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. వనరాజా 100 నుంచి 120. అసీల్ పెట్ట 50 పెడితే గొప్ప. మొదటి రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలు. ఇంట్లో చిన్నపిల్లలుండి రోజూ గుడ్డు కావాలంటే గ్రామప్రియే తెచ్చుకోండి.

కానీ ఆ కోళ్లు ముసలివయ్యాక మళ్లీ పిల్లలెక్కడివి? నన్ను అసీల్ వైపు తిప్పింది ఈ ప్రశ్నే. వనరాజా, గ్రామప్రియ పెట్టలు గుడ్డు పెట్టి వెళ్లిపోతాయి, పొదుగుకు కూర్చోవు. ప్రతిసారీ హేచరీ నుంచి ఒక్కరోజు వయసు పిల్లల్ని తెచ్చి బల్బు కింద పెట్టాలి. ఒక వానరాత్రి కరెంటు పోయింది. నేను లేచి చూసేసరికి పిల్లలన్నీ చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగున ఉన్న నాలుగు నలిగి చనిపోయాయి. ఆ బాధ ఇంకా పోలేదు.

అసీల్ పెట్టకు బల్బుతో పనిలేదు. పొదుగుకు వచ్చిందంటే 21 రోజులు గంప వదలదు. రోజుకోసారి లేచి నాలుగు నూకలు తిని, నీళ్లు తాగి, మట్టిలో ఒకసారి పొర్లి పావుగంటలో వెనక్కి వస్తుంది. గుడ్లను ముక్కుతో తనే తిప్పుకుంటుంది. పిల్లలు లేచాక దాని తెగువ చూడాలి. గద్ద నీడ పడితే ఒక్క అరుపు, పిల్లలన్నీ రెక్కల కిందికి. వీధికుక్కను గేటు దాకా తరిమిన పెట్ట మా దగ్గరుంది.

స్వభావం సంగతి వేరు. వనరాజా నెమ్మది, ఇంట్లో చిన్నపిల్లలు ఎత్తుకున్నా ఊరుకుంటుంది. బరువెక్కే కోడి కావడంతో పరుగు తక్కువ, ముంగిస వస్తే తప్పించుకోలేదు. మన మే నెల ఎండలో మధ్యాహ్నమంతా జామచెట్టు కింద నోరు తెరుచుకుని రొప్పుతుంది. అసీల్‌కు ఈకలు పలచన, తురాయి చిన్నది, ఎండకు బాగా తట్టుకుంటుంది. మనుషులతో మచ్చికగానే ఉంటుంది, తోటి కోళ్లతోనే పేచీ. రెండు పుంజులు ఒక పెరట్లో పొసగవు. రెండు నెలల పిల్లలు కూడా రక్తం వచ్చేలా పొడుచుకుంటాయి. అందుకే మేం ఒక్క పుంజునే ఉంచుతాం. కొత్త పెట్టను తెస్తే వారం పాటు గంప కింద కమ్మి, మిగతావి దాన్ని చూసి అలవాటుపడ్డాకే వదులుతాం. ఈ ఓపిక లేనివాళ్లకు వనరాజాయే నయం.

ఈ మూడూ కాక కడక్‌నాథ్ అని ఒకటుంది, మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కోడి, మాంసం నలుపు. దాని మీద ప్రత్యేకమైన ఇష్టం ఉంటే తప్ప అక్కర్లేదు.

అసీల్ కొనేటప్పుడు డేగా, కాకా, నెమలా అని రంగు చూడకండి, అవి పందెం లెక్కలు. ఇదివరకు ఒకసారైనా పిల్లల్ని లేపిన పెట్టేనా అని అడగండి. సంక్రాంతి ముందు ధరలు మండుతాయి కాబట్టి పండగయ్యాక వెళ్లండి. ఏ రకమైనా కొక్కెర తెగులు టీకా తప్పదు: మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌2బి సూది.

గ్రామప్రియలను నేను పూర్తిగా వదల్లేదు, గుడ్ల కోసం రెండున్నాయి. వాటికి అసీల్ పుంజు తోడుంది. పుట్టే పిల్లలు తల్లి అంత గుడ్లు పెట్టవని తెలుసు, అయినా పెట్టించాను. ఇప్పుడు నల్లపెట్ట కింద ఉన్న పదకొండు గుడ్లలో నాలుగు వాటివే. వచ్చే మంగళవారానికి 21 రోజులు నిండుతాయి.